తీగ మీద రెండు స్పాంజీలు

30 జూన్ 2024, ఆదివారం

ఈ డైరీ జనవరిలో కంపెనీవాళ్లు ఇచ్చారు. ఆరు నెలలుగా బీరువాలో అమ్మ చీరల కింద పడి ఉంది. నరసాపురం బళ్ల ఫ్యాక్టరీకి పోయే బస్సులో రోజూ గంటన్నర ఊరికే కూర్చుంటాను కదా, ఏదైనా రాసుకుందామని తీశాను. బస్సు కుదుపులకు అక్షరాలు కోడి గెలికినట్టు వచ్చాయి. ఇంట్లోనే రాస్తాను.

ఆదివారం అందరికీ సెలవు, నాకు స్పాంజీల రోజు. నాన్న ఆక్సిజన్ మిషన్ వెనకాల అరచేయంత నల్ల స్పాంజి ఒకటి. తమ్ముడు సెల్విన్ డర్ట్ బైకు ఫిల్టర్ పెట్టెలో రెండు దోసిళ్లంత నల్ల స్పాంజి ఇంకొకటి. రెండింటికీ పట్టేది ఒకే దుమ్ము. మా ఛాంపియన్ రీఫ్స్ గనివాళ్ల లైన్ ఇళ్ల వెనకాల, బంగారం తీశాక పారబోసిన మట్టి సైనైడ్ దిబ్బలై ఉన్నంత కాలం, ఆషాఢం గాలి ఉన్నంత కాలం నాకు పనికి లోటు లేదు. నాన్న గని లోపల డ్రిల్లు పట్టుకుని ఈ దుమ్మే పీల్చాడు. గని మూసి ఇరవై మూడేళ్లయింది, దుమ్ము మాత్రం ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. సెల్విన్ అదే దుమ్ము మీద బైకు ఎగరేస్తాడు. ఆగస్టు నెలాఖరున ముళబాగిలు దగ్గర పందెం ఉంది. ఇంట్లో ఇప్పుడు వేరే మాట లేదు.

నాన్నది సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి, పొడిగా పెట్టేయాలి. బైకుది ముందు డీజిల్‌లో, తర్వాత సబ్బునీళ్లలో. ఆరాక ఫిల్టర్ నూనె పోసి, మొత్తం ఒకే ఆకుపచ్చ అయ్యేదాకా ఒత్తాలి. ఆ జిగటకే దుమ్ము అంటుకుంటుంది. నాకు ఇది నేర్పింది ఆండర్సన్‌పేట మెకానిక్ మునిశంకర్ అన్న. ఆయనది రాయల్పాడు. మామిడితోట అన్నలకు వదిలేసి వచ్చి ఇక్కడ షాపు పెట్టాడు. సెల్విన్‌కు ఆ పాత బైకు వెతికి తెచ్చి, బాగు చేసి, నడపడం నేర్పింది ఆయనే. మొదటి రోజు నేను స్పాంజిని బట్టలా మెలిపెట్టి పిండుతుంటే అరిచాడు.

"పిండొద్దు ప్రిన్సీ, ఒత్తు! చినిగిపోతాది. ఇంగ నూనె మరిచిపోతివంటే ఆ స్పాంజి ఉన్నా ఒగటే, లేకున్నా ఒగటే."

మరిచిపోతానా! ఫ్యాక్టరీలో నా పనే ఫిల్టర్లు బిగించడం. షిఫ్టుకు నాలుగు వందలు.

నూనె సీసా ఈరోజుతో ఖాళీ. బోర్లించి తట్టి చివరి చుక్క దాకా రాబట్టాను. సెల్విన్ పక్కన నిలబడి పళ్లికిలిస్తున్నాడు. "అక్కా, పందెంలో గెలిస్తే కప్పు నాకి, స్పాంజి నీకి." వీపు మీద ఒకటిచ్చాను. చొక్కా మీద ఆకుపచ్చ చెయ్యి పడింది.

6 జూలై, శనివారం

మునిశంకర్ అన్న కొత్త నూనె సీసా పంపాడు. వరండా గూట్లో పెట్టాను.

7 జూలై, ఆదివారం

పొద్దున్నే నాన్నకు ఆయాసం. పెదవులు నీలంగా అయిపోయాయి. అమ్మా నేనూ చర్చికి పోలేదు. మిషన్ తిప్పి చూస్తే స్పాంజి దుమ్ముతో మూసుకుపోయి ఉంది, వారానికే. మిషన్ ఆపితే నాన్నకు ఊపిరాడదు. పెద్ద సిలిండర్ తగిలించి, స్పాంజి కడిగి, ఎప్పుడు ఆరుతుందా అని తీగ దగ్గర కాపలా నిలబడ్డాను. పనిలో పని బైకుది కూడా కడిగి పక్కనే తగిలించాను. గాలి బాగా ఉండటంతో రెండూ గంటన్నరలో ఆరిపోయాయి. నాన్నది బిగించాను. బైకుది బిగించాను. నాన్నకు మధ్యాహ్నానికి ఊపిరి కుదురుకుంది. నేను చాప మీద పడిపోయాను.

అమ్మ గంజి తాగించింది. నన్ను చూసి, "నీ చేతులు లేకుంటే ఈ ఇల్లు ఎట్ల నడుస్తాదో" అంది. మా అమ్మ ఎస్తరమ్మ నోట ఒక మెప్పు మాట వినాలంటే ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి రావాలి.

11 జూలై, గురువారం

సెల్విన్ వారమంతా దిబ్బ మీదే. ఆక్సిలేటర్ కొంచెం పట్టుకుంటోందని మునిశంకర్ అన్న దగ్గరికి పోయాడట. ఆయన కేబుల్ మార్చి, కార్బరేటర్ మూత తీసి తుడిచి ఇచ్చాడట.

"ఫిల్టర్ చూసినాడా?" అని అడిగాను.

"చూడలేదు. ఎవరు కడిగినారనె. మా అక్క అంటిని. ప్రిన్సీ కడిగిందంటే చూసే పని లేదనె."

చెప్పుకోకూడదు గానీ ఛాతీ కొంచెం పొంగింది.

14 జూలై, ఆదివారం

సెల్విన్ లేడు.

17 జూలై, బుధవారం

రాయాలని కూర్చుంటున్నాను, లేస్తున్నాను.

శనివారం సాయంత్రం. వాడితో పాటు బైకు నడిపే అంబరీష్ పైనుంచి చూశాడు. దిబ్బ దిగుతూ వంపు దగ్గర సెల్విన్ ఆక్సిలేటర్ వదిలేశాడట. చెయ్యి వదిలాడు, బైకు వేగం వదల్లేదు. ఇంజిను ఒకటే అరుపు. కింద వానలకు కోసుకుపోయిన గండి. బైకు దూకి అటువైపు పడింది. వీడు ఇటువైపు గండి గోడకు తగిలాడు. హెల్మెట్ ఉంది. మెడ విరిగింది. ఆసుపత్రి దాకా కూడా పోలేదు.

వాడికి ఇరవై ఆరు. నాకన్నా ఐదేళ్లు చిన్న. నేను ఎత్తుకుని తిప్పిన పిల్లవాడు.

చావింట్లో పొయ్యి వెలిగించకూడదని మునిశంకర్ అన్న భార్య ప్రేమ రోజూ అన్నం, పప్పు తెచ్చి పెడుతోంది. అమ్మ ఆమె భుజం మీద తల పెట్టి ఏడుస్తుంది. నాన్న ఏడవలేడు. ఏడిస్తే ఊపిరి చాలదు.

20 జూలై, శనివారం

ఈరోజు అంబరీష్, ఇంకో ముగ్గురు బైకును మా వాకిట్లోకి తెచ్చారు. ఎందుకిట్లా అయిందో తేల్చాలని. మునిశంకర్ అన్న వచ్చి అందరి ముందర విప్పాడు. చేతులు మామూలుగానే ఉన్నాయి, కళ్లు మాత్రం చింతనిప్పులు. కార్బరేటర్ లోపల, ఆక్సిలేటర్ తిప్పితే ఎక్కి, వదిలితే దిగే ముక్కను వేలితో నొక్కాడు. కదల్లేదు. పక్కకు వంచితే సన్నటి తెల్ల దుమ్ము రాలింది, పిండిలాగా.

తర్వాత ఫిల్టర్ పెట్టె తెరిచాడు. స్పాంజి మొత్తం దుమ్ము కప్పేసి ఉంది. రెండు వేళ్లతో పట్టుకుని రుద్ది చూశాడు. చాలాసేపు చూశాడు.

"ప్రిన్సీ, ఏడో తేదీ ఆదివారం నూనె పూసినావు కదమ్మా?"

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ గడపలో ఉంది. నాన్న మంచం మీద.

"పూసినాను" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఒక్క మాట కూడా ఎదురు అడగలేదు.

అంబరీష్ అందుకున్నాడు. "అన్నా, గురువారం కార్బరేటర్ మూత తీసింది నువ్వే కదా? గాలి అట్ల కొడతా ఉంటే వీధిలో పెట్టి తీసినావు. దుమ్ము యాడనించి వచ్చిందో వేరేగా చెప్పాల్నా?"

"తీసినప్పుడు కొంచెం దుమ్ము కనపడె. తుడిచినాను" అన్నాడు మునిశంకర్ అన్న. "బయట దుమ్మే అనుకొంటిని. ఇంగా కొంచెం పడిందేమో. నేను చూసుకోలేదేమో."

అమ్మ గడప దిగి వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది. అమ్మ అన్న మాటలు రాయను.

21 జూలై, ఆదివారం

చర్చిలో అమ్మ లేచి నిలబడి, నా కొడుకును తిన్నవాని చెయ్యి ఎండిపోవాలని ప్రార్థన చేసింది. ఆమెన్ అని ఎవరూ అనలేదు, కాదనీ ఎవరూ అనలేదు. పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు.

మధ్యాహ్నం ప్రేమ ఎప్పటిలాగే గిన్నెతో వచ్చింది. అమ్మ గిన్నె లాక్కుని అన్నం కుక్కకు పోసింది. "ఇంగ నా గడప తొక్కొద్దు." ప్రేమ గిన్నె కూడా అడక్కుండా పోయింది. స్టీలు గిన్నె, అంచున పూల వరస. మా ఇంట్లోనే ఉండిపోయింది.

నాన్న స్పాంజి కడిగాను. తీగ మీద ఒక్కటే ఉంది.

25 జూలై, గురువారం

నూనె సీసా వరండా గూట్లో ఉంది. సగం ఉంది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

1 ఆగస్టు, గురువారం

పూశాను. ప్రతి ఆదివారం పూస్తాను. రెండేళ్లుగా ఒక్క వారం కూడా తప్పలేదు. చేతికి అలవాటైన పని మనసుతో పని లేకుండా జరిగిపోతుంది. ఆ రోజు గుర్తు లేదంటే పూయలేదని కాదు. పళ్లు తోముకున్నది గుర్తుంటుందా?

ఫ్యాక్టరీలో పక్కన నిలబడే నయన అడిగింది, ఏమి అక్కా, బిగించిన ఫిల్టర్‌ను మళ్లీ తీసి చూస్తున్నావెందుకని. బెల్టు ముందుకు పోతోందని సూపర్‌వైజరు అరిచాడు. మా ఫిల్టర్లు కాగితంవి, నూనె పట్టించే వస్తాయి. మనం పూసేది ఏమీ లేదు.

4 ఆగస్టు, ఆదివారం

మునిశంకర్ అన్న షాపు షట్టర్ దించి రెండు వారాలైంది. ఎవరూ బండి ఇవ్వడం లేదట. ఆయన కూడా ఎవరిదీ ముట్టుకోవడం లేదట. అంబరీష్ చెప్పాడు, పాపం అన్నట్టు కాదు, తగిన శాస్తి అన్నట్టు.

ఆయన నిజంగానే గాలిలో మూత తీశాడు కదా. తప్పే కదా అది. పెట్టె తెరిచి చూడకపోవడం కూడా తప్పే. తిలా పాపం తలా పిడికెడు అంటారు. పిడికెడు ఆయనకూ ఉంది.

మరి నీ పిడికెడు ఎక్కడ, ప్రిన్సీ?

12 ఆగస్టు, సోమవారం

ఈరోజు ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర, తయారైన బళ్లను లారీల్లోకి తోసే కాంట్రాక్టు మనుషుల వరసలో మునిశంకర్ అన్నను చూశాను. మెడలో పసుపు ట్యాగు. కళ్లు మూసుకుని ఇంజిను విప్పి బిగించే మనిషి. రెండు చేతులతో బండి వెనక పట్టుకుని తోస్తున్నాడు.

నన్ను చూశాడు. "బాగుండావామ్మా? నాయనకి ఊపిరెట్లుండాది?"

"ఉండాదన్నా."

"స్పాంజి వారం వారం చూసుకో. గాలికాలం."

అంతే. సూపర్‌వైజరు పిలిస్తే పోయాడు. నేను మరుగుదొడ్డిలోకి పోయి నోట్లో చున్నీ కుక్కుకున్నాను.

15 ఆగస్టు, గురువారం

సెలవు. ఏమీ లేదు.

18 ఆగస్టు, ఆదివారం

అమ్మ చర్చికి పోయింది. నేను వరండాలో నాన్న స్పాంజి ఆరబెడుతున్నాను. నాన్న మాటలు ఇప్పుడు లెక్కే. ఒక ఊపిరికి రెండు మాటలు, మూడైతే ఎక్కువ. గొట్టం ముక్కు నుంచి కొంచెం పక్కకు జరిపి, నన్ను వేలితో పిలిచాడు.

"ఆ పొద్దు..." అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నూనె... పెట్టలేదమ్మా నువ్వు."

నేను గొట్టం సరిచేయబోతే చేత్తో ఆపాడు.

"చూస్తానే ఉంటిని. రెండూ... ఆరినాయి. రెండూ... తీసుకొనిపోతివి." మళ్లీ ఊపిరి. "సీసా... కాలవలో పోసింది గూడా... చూస్తిని."

"అయితే అప్పుడే చెప్పొచ్చు కదా నాన్నా! బిగించేటప్పుడు! నాకి గుర్తు చేయకూడదా?"

"నాకేమి తెలుసు... బైకు సంగతి. నాది పొడిగా... పెడతావు కదా. అదీ... అట్లే అనుకొంటిని." చెయ్యి గాలిలో తిప్పాడు. "మునిశంకర్ అడిగినప్పుడు... తెలిసె."

"మరి ఆ పొద్దు ఎందుకు నోరు మూసుకున్యావు?"

నాన్న నా వైపు చూడలేదు. తీగ మీది స్పాంజి వైపు చూశాడు.

"కొడుకు పాయె. నువ్వు గూడా... పోతే... ఇది ఎవరు... కడుగుతారమ్మా?"

గొట్టం మళ్లీ ముక్కులో పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు.

నాన్న మీద నాకు అసహ్యం వేసింది. అవును, రాస్తున్నాను, అసహ్యమే. ముప్పై ఏళ్లు భూమి లోపల పని చేసిన మనిషి, తన ఊపిరి కోసం ఇంకొకడి అన్నం గిన్నె తన్నేశాడు. తర్వాత అద్దంలో చూసుకున్నాను. ఆయనకు ఊపిరి కావాలి. నాకేం కావాలి? అందరూ నన్ను మంచిదని అనుకోవడమే కదా.

19 ఆగస్టు, సోమవారం

రాస్తాను. ఇక్కడైనా.

జూలై ఏడున నేను నూనె పూయలేదు. నాన్న స్పాంజి పొడిగా పెట్టాలి. నా తలలో ఆ రోజు నాన్న ఊపిరి ఒక్కటే ఉంది. తీగ మీద నుంచి రెండూ ఒకేసారి తీశాను, రెండూ ఒకేలా పొడిగా బిగించాను. ఫ్యాక్టరీలో చేతులు నూనె పెట్టవు. ఇంట్లో నాన్నదానికి పెట్టవు. బైకుదానికి ఒక్కదానికే పెట్టాలి. అది నా చేతులు మరిచిపోయాయి. చేతులు కాదు, నేనే.

తమ్ముడికి మట్టి ఇచ్చి ఇంటికి వచ్చిన సాయంత్రం గూట్లో సీసా కనబడింది. సీలు అట్లే ఉంది. అప్పుడు తెలిసింది. మునిశంకర్ అన్న అడగడానికి ముందే నాకు తెలుసు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన అడగగానే వెనకా ముందూ చూడకుండా పూసినాను అనేశాను. ఆయన వెళ్లాక సీలు తెంచి సగం కాలవలో పోశాను. ఆకుపచ్చగా, జిగటగా, నీళ్లతో పాటు పోదు. చీపురుతో తోశాను. మూడు రోజులు గోళ్ల సందుల్లో ఆ రంగు పోలేదు. అమ్మ ఆ చేతులు పట్టుకుని, తమ్ముడి బైకుకు ఎంత చాకిరి చేశావే తల్లీ అని ఏడ్చింది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

21 ఆగస్టు, బుధవారం

భోజనం గంటలో వెనక గేటుకు పోయాను. మునిశంకర్ అన్న గోడ నీడన డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. రాగిముద్ద, ఏదో ఆకుకూర. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని.

ఆయన ముద్ద పట్టుకున్న చెయ్యి అట్లే ఉంది. ముద్దను డబ్బాలో పెట్టాడు.

"పొడిగా ఉండె" అన్నాడు. "వేళ్లకి తెలిసె. పెట్టె తెరవంగానే తెలిసె."

"మరి ఎందుకన్నా..."

"నువ్వు పూసినానంటివి కదమ్మా. దుమ్ము నూనెంతా తాగేసిందేమో అనుకొంటిని. నా వేళ్లే తప్పనుకొంటిని. ప్రిన్సీ అబద్ధం చెప్తాదా?" నవ్వినట్టు ముఖం పెట్టాడు, నవ్వు రాలేదు. "ఆ పొద్దునించి రెంచీ పట్టుకొంటే చెయ్యి వణుకుతాది. బోల్టు బిగించి మళ్లీ విప్పుతాను, మళ్లీ బిగిస్తాను. ఇరవై ఏండ్ల పని. నా చేతుల్ని నేనే నమ్మలేను. పెండ్లాం కన్నీళ్లు పెట్టుకొంటే ఈడికి వచ్చినాను. తోసేదానికి నమ్మకం అక్కర లేదు."

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"క్షమించన్నా."

"నాకి చెప్పేకి వచ్చినావు. నాకి చెప్తే ఏమొస్తాది? నా చెయ్యి ఎండిపోవాలని చర్చిలో అనింది మీయమ్మ. రోజూ లేస్తూనే చెయ్యి చూసుకొంటాను." డబ్బా మూత పెట్టాడు. తినలేదు. "మీయమ్మకి చెప్పు. చెప్పినాక నాకి క్షమాపణ చెప్పేకి రా. వచ్చినా నేను ఏమంటానో నాకే తెలవదు."

22 ఆగస్టు, గురువారం

చెప్పలేదు.

23 ఆగస్టు, శుక్రవారం

చెప్పలేదు. అమ్మ సెల్విన్ చొక్కాలు మడత పెడుతోంది. ఒకదాని వీపు మీద ఆకుపచ్చ చెయ్యి. ఎంత ఉతికినా పోలేదంటుంది. పోకూడదని కూడా అంటుంది.

24 ఆగస్టు, శనివారం

చెప్పాను.

మధ్యాహ్నం అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. నేను మొదలుపెడితే మధ్యలో ఆగిపోతానని ఒకే ఊపిరిలో చెప్పేశాను. స్పాంజి, నూనె, సీసా, కాలవ, అన్నీ. అమ్మ ఏరడం ఆపలేదు. రాయి తీసింది, పక్కన పెట్టింది. ఇంకో రాయి తీసింది. అన్నీ అయ్యాక చేట కింద పెట్టి అడిగింది.

"మునిశంకర్‌కి తెలుసునా?"

"చెప్పినాను."

"మీ నాయనకి?"

అమ్మ వరండా వైపు చూసింది. నాన్న కళ్లు మూసుకున్నాడు. మిషన్ గురగురమంటోంది.

"తండ్రీ కూతుళ్లిద్దరికీ తెలుసును" అంది అమ్మ. "నన్ను దేవుని ముందర నిలబెట్టి శాపం పెట్టించినారు."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

25 ఆగస్టు, ఆదివారం

అమ్మ చర్చికి పోలేదు. తెల్లవారుతూనే లేచి అన్నం, పప్పు, వంకాయ పులుసు వండింది. ప్రేమ గిన్నె బయటికి తీసి మళ్లీ ఒకసారి తోమింది. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. మా లైన్లలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. నిండా పెట్టి, మూతకు గుడ్డ కట్టి, నడిచే పోయింది, ఆండర్సన్‌పేటకు. నేను వస్తానంటే తల తిప్పి చూసింది. ఆ చూపు చాలు.

రెండు గంటల తర్వాత వచ్చింది. గిన్నె అట్లే ఉంది, గుడ్డ ముడి కూడా విప్పలేదు. ప్రేమ తలుపు తీయలేదట. లోపల నుంచి ఒక్క మాట అందట, "మీ కుక్కకి పొయ్యండమ్మా."

అమ్మ ముడి విప్పి గిన్నె నా ముందర పెట్టింది.

"తిను."

తిన్నాను. చల్లారిపోయి ఉంది. అమ్మ ఎదురుగా కూర్చుని నేను మొత్తం తినేదాకా చూసింది.

నాన్న స్పాంజి ఈ వారం ఎవరూ కడగలేదు.

31 ఆగస్టు, శనివారం

ముళబాగిలు పందెం ఈరోజేనట. అంబరీష్ ఇంటికి పోయి అంతా చెప్పాను. వాడు బైకు ఎక్కబోతూ దిగాడు. "మునిశంకరన్నకి నేను ఏమేమి అన్నానో నీకి తెలుసునా అక్కా?" అని మాత్రం అడిగాడు. పందేనికి పోలేదు.

నాన్నకు మళ్లీ ఆయాసం మొదలైంది.

1 సెప్టెంబరు, ఆదివారం

పొద్దున్నే పెద్ద సిలిండర్ తగిలించి, మిషన్ వెనక నుంచి స్పాంజి తీసి బకెట్ దగ్గర కూర్చున్నాను. అమ్మ చర్చి చీర కట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడి చెయ్యి చాచింది.

"ఇయ్యి. ఇంగ నేను కడుగుతాను."

"అమ్మా, నేను..."

"ఇయ్యే."

ఇచ్చాను. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని కూర్చుంది. ఇదివరకు ఎప్పుడూ చేసిన పని కాదు. స్పాంజిని బట్టలాగా మెలిపెట్టబోయింది. "పిండొద్దమ్మా, ఒత్తాలి" అన్నాను. నా వైపు చూడలేదు గానీ, ఒత్తింది. మూడు నీళ్లు మార్చింది. తీగ మీద తగిలించి, కింద పీట వేసుకుని కూర్చుంది. చర్చి గంట కొట్టారు. లేవలేదు. గాలికి స్పాంజి ఊగుతుంటే దాన్నే చూస్తూ కూర్చుంది. నేను గడపలో కూర్చున్నాను. గంట గడిచింది.

ఆరాక తీసి, చెంపకు ఆనించి చూసుకుంది. అప్పుడు నా వైపు తిరిగింది. ఎనిమిది రోజుల తర్వాత తనంతట తాను నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"దీనికి నూనె పెట్టాల్నా?"

"వద్దమ్మా. దీనికి వద్దు. పొడిగానే పెట్టాల."

అమ్మ స్పాంజి పట్టుకుని వరండాలోకి పోయింది. నాన్న మంచం దగ్గర వంగి, నేను వినేటట్టే, అదే మాట ఆయన్ను మళ్లీ అడిగింది.

నాన్న నన్ను చూశాడు. తల అడ్డంగా ఊపాడు. అప్పుడు బిగించింది.